కుక్కకు క్షౌరమా అని నవ్వవద్దు

ఉద్యోగము పురుషలక్షణమన్న సామెతను మన పెద్దలు ఏ భావముతో పలికినారో గాని, పట్టా చేతికి వచ్చిన ప్రతి యువకుడును దానికి సర్కారు నౌకరి అను ఒకే అర్థమును చెప్పుకొనుచున్నాడు. ఆ నౌకరి దొరకనివారు కొంతకాలము పోటీపరీక్షలు వ్రాసి, మరికొంతకాలము ప్రకటనలకై ఎదురుచూచి, తుదకు ఒక దుకాణము తెరచుచున్నారు. ఎట్టి దుకాణము? పక్కవాడు తెరచినట్టిదే. మన నార్కట్‌పల్లి వంటి ఊళ్లలో ఒక జిరాక్సు కేంద్రము కాస్త నడుచుచున్నదన్న వార్త చాలును, ఏడాది తిరుగకమునుపే దానికి ఇరువైపుల మరి రెండు వెలయును. సెల్‌ఫోను మరమ్మతు దుకాణముల కథయు ఇంతే, కర్రీ పాయింటుల కథయు ఇంతే. బోర్డులు ఒకే తీరు, ధరలు ఒకే తీరు, కొన్నాళ్లకు మూతపడుటయు ఒకే తీరు.

ఇటీవల మా తుది సంవత్సరపు విద్యార్థులలో ఒకరు, చదువు ముగిసిన పిదప కుక్కలకు స్నానము చేయించి వెంట్రుకలు కత్తిరించు దుకాణము పెట్టవలెనను తలంపును వెల్లడించగా తరగతి అంతయు గొల్లుమన్నది. మనిషికే దిక్కులేదు, కుక్కకు సెలూనా అని వెనుక బల్లలనుండి ఒక చమత్కారము కూడ వచ్చినది. మాకు మాత్రము అది నవ్వవలసిన మాటగా తోచలేదు. హైదరాబాదు నగరములో డాగ్ గ్రూమింగ్ అను పేర ఈ వృత్తి చాల పేటలలో కనిపించుచున్నది. ఇంటి ముంగిటికే స్నానపు తొట్టితో వచ్చు వాహనములు కూడ తిరుగుచున్నవి. అనగా వృత్తితోపాటే పోటీయు పుట్టినది. పెద్ద పెట్టుబడిగల దుకాణముల నడుమ, లేదా పక్క వీధిలో రేపు వెలయబోవు మరియొక చిన్న దుకాణమునకు ఎదురుగా, స్వల్పధనము మాత్రమే గల ఒక పట్టభద్రుడు తన అంగడిని ఏ విధముగా నిలుపుకొనగలడు? దీనిని గూర్చి మా అభిప్రాయమును విద్యార్థుల ముందును, కళాశాల కమిటీ పెద్దల ముందును ఉంచుచున్నాము.

పశువును శుభ్రపరచు పని ఈ సీమకు క్రొత్తది కాదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్టభూములలో కురుమలు నల్లగొర్రెల ఉన్ని కత్తిరించి గొంగళ్లు నేసినారు. కత్తెర మొన చర్మమునకు తగులకుండ, గొర్రె బెదరకుండ ఉన్ని దింపుట ఎంతటి నేర్పో చూచినవారికే తెలియును. ఏరువాక పున్నమికి రైతులు ఎడ్లను కడిగి కొమ్ములకు రంగు పూయుదురు. దీపావళి వెళ్లిన పిమ్మట హైదరాబాదు యాదవులు సదరు పండుగకు దున్నపోతులను నిగనిగలాడునట్లు తీర్చి ఊరేగింతురు. గుర్రమునకు మాలీసు చేయువానికి ఉర్దూలో సాయీసు అను పేరే కలదు; గ్రూమ్ అను ఆంగ్లపదము కూడ చాలకాలము గుర్రములను చూచుకొను సేవకునికే చెల్లినది. మన ఊరికుక్క మాత్రము ఈ వరుసలో చేరలేదు. అది అరుగు క్రింద పడియుండి తన ఒంటిని తానే నాకికొని బ్రదికినది.

కాలము మారినది. 1994లో వచ్చిన 'హమ్ ఆప్కే హై కౌన్' చిత్రములోని తెల్లని బొచ్చుకుక్కను చూచి ముచ్చటపడని కుటుంబము లేదు. 2003లో హచ్ ఫోను కంపెనీ ప్రకటనలో ఒక బాలుని వెంట నడచిన పగ్ కుక్క దేశమంతటి పిల్లలను మురిపించినది. ఇప్పుడు సైబీరియా మంచులో బండ్లు లాగవలసిన హస్కీని కూడ, వేసవిలో 45 డిగ్రీల దరిదాపులకు పోవు తెలంగాణ ఎండలోనికి తెచ్చి పెంచువారున్నారు. ఇది న్యాయమా అని అడిగినచో కాదనియే మేము చెప్పుదుము. అయినను తెచ్చిన పిదప దాని ఒంటిని ఎవరో ఒకరు చూడవలెను గదా! తోటలకు, ఫారం హౌసులకు కాపలాగా పెంచు జర్మన్ షెపర్డులు, లాబ్రడార్లు వేరు. వీటన్నింటికిని గోళ్లు పెరుగును, చెవులు చీము పట్టును, బొచ్చు చిక్కుపడి జడలు కట్టును.

క్రొత్త దుకాణదారునికి మొదట తోచు ఉపాయము ధర తగ్గించుట. ఈ ఉపాయమే వానిని ముంచును. లెక్క చూతము. ఒక కుక్కకు 500 రూపాయలు తీసుకొనుచున్నాడనియు, అందులో షాంపూ, నీరు, కరెంటు, సహాయకుని కూలి కలిసి 200 పోవుననియు అనుకొందము. మిగులునది 300. ఒక్కొక్కదానికి గంటన్నర పట్టినచో తొమ్మిది గంటల పనిదినములో ఆరు కుక్కలు, 1800 రూపాయలు. ఇప్పుడు పక్కవానిని చూచి ధరను 400 చేసినాడు. ఖర్చు తగ్గలేదు, మిగులు 200కు దిగినది. అదే 1800 రావలెనన్న తొమ్మిది కుక్కలను కడుగవలెను, అనగా పదమూడున్నర గంటల పని. జిరాక్సు యంత్రమునకైనచో వేగము పెంచవచ్చును. భయముతో వణకుచున్న కుక్కను వేగముగా కడుగుట ఎవరి తరమును కాదు. తొందరలో గోరు మొదలంట తెగును, చెవిలోనికి నీరు పోవును, కుక్క కరచును. ఈ వృత్తిలో ధర తగ్గించినవాడు పనిని తగ్గించక తప్పదు.

రెండవ ఉపాయము ఆడంబరము. గాజు తలుపు, మెడకు రిబ్బను, ఒంటికి అత్తరు, ఆపైన ఒక ఫోటో. కొందరు బొచ్చుకు రంగులు కూడ వేయుచున్నారు. ఇవి పెద్ద పెట్టుబడిగలవాడు మనకన్న బాగుగా చేయగలడు. పైగా కుక్క లోకమును ముక్కుతో చదువుకొను ప్రాణి. దానికి దినమంతయు అత్తరు పూసి ఉంచుట, మన కన్నులలో దీపము పెట్టి కూర్చుండబెట్టుట వంటిది.

ఇక పెద్ద దుకాణమునకు కష్టమై, చిన్న దుకాణమునకు సులభమైనది ఏమి? ఒకే మనిషి ఒకే కుక్కను ఏండ్ల తరబడి చూచుట. పెద్దచోట నేడు కడిగిన పనివాడు రేపు మరియొక చోట ఉండును. వచ్చిన కుక్క వానికి ఒక టోకెను నంబరు. చిన్నవానికి అది పేరుగల ప్రాణి. దాని ఒళ్లు తెలిసియుండుట, దాని సంగతి జ్ఞాపకముంచుకొనుట, చేయరాని పనిని వద్దనుట: పేరు తెచ్చునవి ఇవియే అని మా నమ్మకము. ఇందులో మొదటిదానికి చదువు కావలెను, కనుక పట్టభద్రునికి ఇచ్చట ఒక మేలు ఉన్నది.

కుక్క చర్మము మన చర్మముకన్న పలుచన. మనిషి చర్మపు పైపొరలో కణముల వరుసలు పది పదిహేనుండగా కుక్కకు మూడునుండి ఐదు వరకే ఉండును. మన చర్మము కొంత ఆమ్లగుణము కలది, పి.హెచ్. సుమారు 5.5, కుక్కది ఇంచుమించు 7. కాబట్టి ఇంటిలోని మన షాంపూతో తరచుగా రుద్దినచో దాని చర్మము పొడిబారి దురద పుట్టును. ఆ దురదను చూచి యజమాని మరింత రుద్దించును. ఈ గొలుసును త్రెంచువాడు చదువుకొన్న దుకాణదారుడే కావలెను. మన ప్రాంతపు బోరునీటి సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. కఠినజలములో సబ్బు నురగ కట్టదు, కట్టినది సరిగా వదలదు. బొచ్చు అడుగున మిగిలిన సబ్బే పుండ్లకు మూలమగును. కడుగుటకు పట్టు కాలముకన్న తొలుచుటకు పట్టు కాలము ఎక్కువ ఉండవలెను. కృష్ణా నీరు నల్లాలో వచ్చు వేళ కొంత పట్టి తుది తొలుపుకు దాచుకొన్నచో ఇంకను మేలు.

వద్దనుటను గూర్చి చెప్పవలెను. వేసవి రాగానే యజమానులు కుక్కను తెచ్చి, పాపము ఉడికిపోవుచున్నది, మిషన్ పెట్టి గుండు గీయుమందురు. జర్మన్ షెపర్డు, హస్కీ, పొమరేనియన్ వంటి జాతులకు బొచ్చు రెండు వరుసలు. పైవరుస ఎండను చర్మమునకు తగులనీయదు. లోపలి మెత్తని ఉన్ని ఋతువు మారినపుడు రాలిపోవును. కుక్కకు మనవలె ఒళ్లంతయు చెమట పట్టదు, పాదముల అడుగున మాత్రము కొద్దిగా పట్టును. ఒంటి వేడిని ముఖ్యముగా నాలుక చాచి రొప్పుట చేతనే పోగొట్టుకొనును. గుండు గీసినందువలన ఆశించిన చల్లదనము రాదు సరికదా, చర్మము ఎండకు కమలును. బొచ్చు మరల మునుపటివలె మొలవకపోవచ్చును. చేయవలసినది లోపలి వదులు ఉన్నిని ఓపికగా దువ్వి తీయుట. పూర్తి కత్తిరింపునకు డబ్బు పట్టుకొని వచ్చినవానితో, అక్కరలేదు, దువ్వించుకొని పొండి అని చెప్పిన దుకాణదారుడు ఆ పూట కొంత నష్టపడును. ఆ యజమాని మాత్రము తన నలుగురు స్నేహితులకు ఆ సంగతి చెప్పక మానడు. గోడలపై అంటించు కాగితములకు ఈ బలము లేదు.

గోమార్ల విషయమును ఇంకను విపులముగా చెప్పవలసియున్నది, ఏలయనగా మన ప్రాంతములో కుక్కను దుకాణమునకు తెచ్చుటకు ముఖ్యకారణము అదియే. గోమారిని పిడుదు అనియు అందురు. స్నానము చేయించి, ఉన్నవాటిని ఏరి, మందు పూసి పంపినచో పదిదినములలో కుక్క మరల నిండిపోవును. యజమాని దుకాణదారుని తిట్టుకొని పక్క దుకాణమునకు పోవును. అచ్చటను ఇదియే జరుగును. కారణము ఏమనగా, కుక్కను పట్టు గోమారి తన జీవితమంతయు కుక్కపైననే గడపదు. గ్రుడ్డునుండి వెడలినపుడు ఒకసారి, కొంత పెరిగినపుడు ఒకసారి, పెద్దదైన పిదప ఒకసారి రక్తము త్రాగి, ప్రతిసారియు క్రిందికి రాలును. ఆడది గోడ పగుళ్లలోనికి, తలుపు సందులలోనికి ప్రాకి వేలకొలది గ్రుడ్లు పెట్టును. మనము కడుగునది కుక్కను; పురుగు ఉన్నది గోడలో. ఈ ఒక్క ముక్కను యజమానికి బొమ్మ గీసి చెప్పి, కుక్క పండుకొను చోటు పగుళ్లను సిమెంటుతో పూయించి, పశువైద్యుని సలహాతో ఇంటికిని కుక్కకును ఒకేసారి మందు వేయించినవాడు ఊరంతటికిని కావలసినవాడగును. ఈ గోమార్ల వలన ఎర్లీషియా అను జ్వరము వచ్చి కుక్క ముక్కునుండి నెత్తురు కారి చచ్చుటయు కలదు. కుక్క మేత ముట్టకున్నచో, చిగుళ్లు తెల్లబారినచో, స్నానము చేయింపక నేరుగా పశువుల ఆసుపత్రికి పంపవలెను. గ్రూమరు వైద్యుడు కాడు. కాని యజమానికన్న ముందుగా రోగమును చూచువాడు తరచుగా వాడే.

జ్ఞాపకముంచుకొనుట అంటిమి. దీనికి పది రూపాయల నోటుపుస్తకము చాలును. కుక్క పేరు, వయస్సు, రేబిస్ టీకా వేసిన తేదీ, ఏ చెవి నొప్పి, ఏ కాలు ముట్టిన కరచును, క్రిందటిసారి బరువు ఎంత, చర్మముపై ఎక్కడ గడ్డ కనిపించినది. మూడు నెలల పిమ్మట ఆ కుక్క వచ్చినపుడు, దాని ఎడమచెవి ఇప్పుడెట్లున్నదని అడుగగలిగిన దుకాణమును వదలి ఎవరు పోవుదురు? పాతకాలపు హకీములు, ఆచార్యులు రోగి నాడితోపాటు వాని ఇంటి సంగతులు కూడ జ్ఞాపకముంచుకొన్నందుననే మూడు తరములు ఒకే గడపకు పోయినారు.

ప్రమాదముల మాట త్వరగా చెప్పి ముగింతుము. గోరులోపల కొంతమేర రక్తనాళమును నరమును ఉండును. నల్లగోళ్లలో అది కనబడదు, కనుక కొద్దికొద్దిగా తీయవలెను. స్నానమునకు ముందు చెవులలో దూది ఉంచవలెను. వేడిగాలి డ్రయ్యరు ముందు కుక్కను పంజరములో పెట్టి మరచిపోరాదు. పగ్ వంటి చప్పిడిముక్కు కుక్కలకు అది ప్రాణాంతకము. కత్తెరలను, దువ్వెనలను కుక్కకు కుక్కకు నడుమ శుద్ధి చేయవలెను, లేనిచో గజ్జియు తామరయు దుకాణము పేరుతో ఊరంతయు తిరుగును. టీకా కాగితము చూపనిదే కుక్కను బల్లపైకి ఎక్కించరాదు. కరచు కుక్కకు చిక్కము కట్టవలెను. దుకాణదారుడు తానును కాటు పడకముందే రేబిస్ టీకా వేయించుకొనవలెను; కాటు పడినచో పదిహేను నిమిషములు సబ్బునీటితో కడిగి వెంటనే ఆసుపత్రికి పోవలెను. ఆ వ్యాధి లక్షణములు బయటపడిన పిదప బ్రదుకుట దాదాపు లేదు.

నార్కట్‌పల్లిలోనే పెట్టదలచినవానికి ఇంకొక సంగతి. హైదరాబాదు దుకాణములకు లేనిది మనకు ఒకటి ఉన్నది, అది దారి. విజయవాడ రహదారి మన ఊరిమీదుగా పోవును. అద్దంకి దారి ఇచ్చటనే చీలును. సంక్రాంతికి ఈ త్రోవన పోవు కార్ల వరుసను మనమందరము చూచుచునే యున్నాము. వాటిలో కొన్నింట కుక్కలు కూడ ఉండును. మనుషులు హోటలులో టీ త్రాగుచుండగా మూసిన కారులో విడువబడిన కుక్క, ఎండవేళ నిమిషముల మీద ప్రాణాపాయములో పడును. అట్టివారి కొరకు నీడ, చల్లని నీరు, అరగంట నడక, ఒక దువ్వింపు ఇచ్చు చోటు రహదారి ప్రక్కన ఉన్నచో, అది నగరపు దుకాణమునకు నకలు కానేరదు. పండుగ నాలుగు దినములు కుక్కను ఎవరికి అప్పగించవలెనని తల పట్టుకొను కుటుంబములు నల్లగొండలోను, చిట్యాలలోను లేకపోలేదు. వాటిని ఉంచుకొను ఏర్పాటు కూడ దీనికి చేర్చవచ్చును. తోటల కాపలాకుక్కలను దుకాణమునకు ఎవరును తీసుకొని రారు. వారమునకు ఒక దినము సామాను సంచితో మోటారుసైకిలుపై మనమే పోవలెను.

మన విద్యార్థులలో కొందరికి గల సంకోచమును మేము ఎరుగుదుము. కుక్క లాలాజలము తగిలినచో శుద్ధిచేసుకొనవలెనను విధి ఉన్నది. ఈ విషయములో హనఫీ, మాలికీ మొదలగు మజ్‌హబులకు భేదమును ఉన్నది. వేటకు, పశువుల కాపలాకు కుక్కను ఉంచుకొనుటకు అనుమతియు ఉన్నది. అస్‌హాబె కహఫ్ గుహవాకిట కాళ్లు చాచి పండుకొన్న కుక్కను, దప్పిగొన్న కుక్కకు బావినీరు పోసి మన్నింపు పొందిన మనిషి కథను మన ఇండ్లలో పిల్లలు కూడ ఎరుగుదురు. వృత్తిగా చేపట్టు విషయమై ఎవరికి సందేహమున్నదో వారు తమ ఆలిములను అడిగి తెలుసుకొనుట ఉచితము. చేతితొడుగులు, వేరు దుస్తులు ఆరోగ్యము కొరకైనను అవసరమే. హిందూ విద్యార్థులకు ఈ చిక్కు లేదందురు గాని, వారికి మరియొకటి ఉన్నది: కత్తెర పట్టుట ఫలానా కులము పని అను మాట. ధర్మరాజు తన వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గమునకు పోనన్నాడని తరగతిలో పాఠము చెప్పించుకొన్న పిల్లవాడే, ఆ కుక్కకు గోళ్లు తీయుట నామోషీ అనుట మాకు వింతగా తోచును. క్షౌరవృత్తివారికి తరతరములుగా వచ్చిన హస్తలాఘవము ఈ పనిలో పెట్టని పెట్టుబడి. ఆ కుటుంబముల పిల్లలు ముందుకు వచ్చినచో వారివద్ద మిగిలినవారు నేర్చుకొనవలసియుండును.

ధనము మాట. 2015లో ప్రారంభమైన ప్రధానమంత్రి ముద్రా యోజన క్రింద శిశు తరగతిలో 50 వేల రూపాయల వరకు, కిశోర్ తరగతిలో 5 లక్షల వరకు హామీ లేకుండ బ్యాంకులు ఋణమీయవచ్చును. అయినను అప్పుతో గాజు తలుపు పెట్టించుకొనుట మాకు సమ్మతము కాదు. జారని రబ్బరుచాప పరచిన ఒక ఎత్తు బల్ల, ఒక తొట్టి, రెండు మంచి దువ్వెనలు, గోళ్ల కత్తెర, ఒక మిషన్, కావలసినన్ని తువాళ్లు చాలును. డ్రయ్యరును మొదటి వేసవి కొనకున్నను నష్టము లేదు. మన గాలియే ఆరబెట్టును.

శిక్షణ లేకుండ మాత్రము ఎవరును మొదలుపెట్టరాదు. హైదరాబాదు రాజేంద్రనగర్‌లో పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయము ఉన్నది. రాబోవు వేసవి సెలవులలో పదిదినములు మన విద్యార్థులకు కుక్క చర్మము, గోమార్లు, టీకాలు, పట్టుకొను పద్ధతి నేర్పుటకు ఒక అధ్యాపకుని పంపగలరా అని కళాశాల కమిటీ పక్షమున ఒక ఉత్తరము వ్రాయించవలెనని మా విన్నపము. రాకపోకల ఖర్చు, భోజనముల ఖర్చు తప్ప వేరు భారము పడకుండ చూడవచ్చును. ఇష్టముగలవారు తమ పేర్లను మార్చి నెలాఖరులోగా తెలుగు శాఖలో ఇచ్చినచో, ఉత్తరమునకు జాబితాను జతపరతుము.